ఆపత్తి

నోటీసు పంచాయతీ గోడకి అంటించి పదకొండు రోజులయిందట.
అడుగు వరస వానకి ఊడింది, కొంత మేక నమిలింది.
దండాసి నన్ను సైకిలు వెనక కూచోబెట్టుకుని తీసుకెళ్లేడు.
తెలుగు బడి మూసేసిన నాటినుంచీ ఊళ్లో నా ఉద్యోగం ఇదే,
ఆ మాట ఇటు, ఈ మాట అటు మొయ్యడం.

"ఆపత్తి ఉన్నవారు ముప్పై రోజుల లోపల తెలపవలెను."
ఒడియాలో ఆపత్తి అంటే అభ్యంతరం.
నేనది విప్పి చెప్పేలోపే దండాసి అందుకున్నాడు:
"ఉంది గదా మాస్టారూ, ఆపత్తే.
ముప్పై రోజులెందుకు, ఇప్పుడే రాసీండి."

ఆరు టవర్లు, పద్నాలుగేసి అంతస్తులు.
పేరు కేతకీ విహార్.
మొగలి డొంక నరికి కట్టే ఇళ్లకి మొగలిపువ్వు పేరు,
పోయినవాళ్ల పేరు పిల్లకి పెట్టుకున్నట్టు,
ఇంకా పోకముందే.

శ్రావణంలో మా వైపు సూర్యుడి కంటే ముందు వాసన లేస్తుంది.
దాలమ్మ మూడింటికే గోనె తలకి చుట్టుకుని
కొక్కెం కర్రతో డొంకలో దూరుతుంది.
పాముంటే దానిమానాన అది పోవాలని
ముందుగా ఒకసారి దగ్గుతుంది.
ఏడింటికల్లా భట్టీ దగ్గర పువ్వులు లెక్కపెట్టించాలి,
ఎండెక్కితే ధర సగం.
ఆవిడ మోచేతుల మీద ముళ్లగీతలు
ఏ ఏడాదివి ఆ ఏడాదికి చదవొచ్చు.

సభ రోజు షామియానా వేశారు.
బరంపురం నుంచి థర్మోకోల్ నమూనా వచ్చింది.
స్పాంజి చెట్లు, నీలం అద్దపు ముక్క చెరువు,
అగ్గిపుల్లంత మనిషి, వాడికో కుక్క.
మా ఊరెక్కడా అని వెతికేను.
మా ఊరుండాల్సిన చోట బల్ల అంచు.

"రికార్డులో ఇది పతిత జమి" అన్నాడు తహసీల్దారు బాబు.
బీడు అనాలి నేను. నోరు జారి, పతిత అనే అనేశాను.
దాలమ్మ లేచి నిలబడింది.
"ఏటి తప్పు సేసిందయ్యా నేల? ఎవుడితో ఎలిపోనాది?
తుపాను రేత్రి ఇసక ఊరిమీద పడిపోకండా
ఒల్లంతా ముల్లేసుకుని నిలబడింది గదా?"
ఆడవాళ్లంతా నవ్వేరు.
ఏమంటోందని బాబు నన్నడిగేడు.
"నీళ్ల గురించి సార్" అన్నాను.

నిజంగా నీళ్ల గురించి అడిగినవాడు దండాసి.
గుట్ట మీది వాన ఈ పల్లంలోంచే సముద్రానికి పోతుంది,
పునాది లేపితే మా వాకిట్లో నిలబడదా?
ఆరు టవర్లు బోర్లేసుకుంటే
మా నూతుల్లోకి ఉప్పు దిగదా?
"బిచార కరాజిబ" అన్నాడు బాబు, వాచీ చూసుకుంటూ.
పరిశీలిస్తారట, అని చెప్పబోయాను.
"విచారమేనా?" అందొక ముసలమ్మ,
"అది మేం మొదలెట్టి నెలయింది."

ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేను.
ఈ మాటలన్నీ మోస్తున్నంతసేపూ నా జేబులో ఒక రసీదుంది.
మూడో టవరు, ఐదో అంతస్తు, యాభై వేలు అడ్వాన్సు.
నా పెంకుటింటి కప్పు రెండు తుపాన్లకి రెండుసార్లు లేచిపోయింది.
రెండోసారి మా ఆవిడ బియ్యం డబ్బా మీద గొడుగు పట్టుకుని
తెల్లారేదాకా నిలబడింది, తనమీద పట్టుకోలేదు.
కార్తీకంలో ఒక్క రాత్రయినా గాలి మాట వినపడని గదిలో
దాన్ని పడుకోబెట్టాలని.
అంతే.
ఆ గది కింద ఏ డొంకుందో నాకు తెలీదనను.

సాయంత్రం అర్జీ రాసేను. ఒడియాలో, నా మంచి దస్తూరీతో.
పతిత అన్న చోట గీత కొట్టి
పూలు పూసే భూమి అని రాసేను.
నలభై మూడు వేలిముద్రలు పడ్డాయి.
నలభై నాలుగో గడి నాది.
పెన్ను మూత తీసి పట్టుకుని కూచున్నాను.

సముద్రం గాలికి కాగితం లేచిపోతోంటే
దాలమ్మ వచ్చి దానిమీద ఒక మొగలిపువ్వు బరువు పెట్టింది.
"రాసినందుకు మరి" అంది.

జేబులో రసీదుకి కూడా వాసన పట్టింది.